పాటకు తాళం

రక్షణ ఖాతాల శాఖలో ముప్పయ్యేళ్ళకు పైగా ఇతరుల బిల్లులు తనిఖీ చేశాను. 1980లలో మాత్రం, నచ్చిన పాటల జాబితా దుకాణంలో ఇచ్చి ఖాళీ క్యాసెట్ నింపించుకునేవాణ్ణి. అది తప్పని ఒక్కసారీ తోచలేదు.

2006లో అమెరికా నుంచి వచ్చిన మా తమ్ముడు, ఇంటర్నెట్‌లో డబ్బిచ్చి కొన్న పాటలు నా కంప్యూటర్లో వేస్తే అనుమతి లేదంది. కాపీ కాకుండా కంపెనీ వేసిన తాళమట! పక్కింటి కుర్రాడు ఊరికే దించుకున్న అవే పాటలు హాయిగా మోగాయి.

2003లో మొదలైన ఆపిల్ దుకాణంలోనూ పాట 99 సెంట్లు, తాళంతో సహా. 2007 ఫిబ్రవరిలో స్టీవ్ జాబ్స్ స్వయంగా లెక్క చెప్పాడు: 2006లో ఆన్‌లైన్‌లో అమ్ముడైన తాళం పాటలు 200 కోట్ల లోపు, అవే కంపెనీలు తాళం లేకుండా సీడీల మీద అమ్మినవి 2000 కోట్లకు పైనే. పెరటి తలుపు బార్లా తెరిచి వీధి తలుపుకి తాళం వేయడమన్నమాట. 2009లో ఆపిల్ పాటలకు తాళం తీసేసి, 69, 99, 129 సెంట్లని మూడు ధరలు పెట్టింది. దుకాణమేమీ మూతపడలేదు.

"కాపీ అయిన ప్రతి పాటా పోయిన అమ్మకమే" అన్నది రుజువు లేని నమ్మకం. "కాపీ వల్ల ఎవరికీ నష్టం లేదు" అన్నదీ అంతే. నా లెక్కే చూడండి. పన్నెండు పాటల కోసం పన్నెండు క్యాసెట్లు కొనే జీతం కాదు నాది. కానీ రెండు మూడైనా కొనేవాణ్ణి. నష్టం పన్నెండూ కాదు, సున్నా కాదు.

ఆ రెండు మూడు ఇప్పటికీ నా పేర బాకీయే.