దాహం వేయకపోయినా...

ప్రయాణం ఉందంటే ముందు నీళ్ళు మానేసేది మన ఆడవాళ్ళమే. పెళ్ళికైనా, గుడికైనా, ఆఫీసుకైనా గొంతు తడుపుకుని సరిపెట్టుకుంటాం. దారిలో బాత్రూమ్ ఎలా ఉంటుందోనని భయం మరి!

ఆ లోటంతా సర్దుకొచ్చేవి కిడ్నీలు. పిడికిలంత ఉండే ఆ రెండూ కలిసి రోజుకి సుమారు 180 లీటర్ల నీటిని రక్తంలోంచి వడకడతాయి. బయటికి పంపేది మాత్రం లీటరున్నర, రెండు లీటర్లే. మిగతాదంతా మళ్ళీ రక్తంలోకే!

ఒంట్లో నీళ్ళు తగ్గితే రక్తం కాస్త చిక్కబడుతుంది. మెదడు అది పసిగట్టి మనకి దాహం పుట్టిస్తుంది. వాసోప్రెసిన్ అనే హార్మోన్ వదిలి, నీళ్ళు పోనివ్వద్దని కిడ్నీలకి కబురు పెడుతుంది. అప్పుడు మూత్రం తగ్గి ముదురు పసుపు రంగులో వస్తుంది. నీళ్ళు ఎక్కువ తాగితే ఆ హార్మోన్ తగ్గి, పల్చగా, ఎక్కువగా వస్తుంది. కుళాయి రాని రోజు మనం బిందె చూసుకుని వాడుకున్నట్టే.

కానీ పొదుపుకీ హద్దుంది. ఒంట్లోని వ్యర్థాలు పోవాలంటే రోజుకి సుమారు అర లీటరు మూత్రమైనా పోవాల్సిందే. పైగా వయసు పైబడేకొద్దీ దాహం సరిగ్గా తెలియదు, నీటిని పట్టి ఉంచే శక్తీ కిడ్నీలకి తగ్గుతుంది.

పోయిన మే నెలలో మా అత్తయ్య పెళ్ళినుంచి వచ్చి, కళ్ళు తిరిగి వంటింటి గుమ్మంలోనే కూలబడ్డారు. "దాహమే వేయలేదమ్మాయ్" అన్నారు నీరసంగా. డాక్టరుగారు సెలైన్ పెట్టించి, "ఈ వయసులో దాహం కోసం ఎదురుచూడకండి" అన్నారు.

అప్పట్నుంచి పొద్దున కాఫీకి ముందు ఒక గ్లాసు నీళ్ళు, పదకొండింటికి పల్చటి మజ్జిగ, సాయంత్రం మళ్ళీ నీళ్ళు ఇస్తున్నాను. ఒకేసారి చెంబులకొద్దీ తాగించను. అతిగా తాగితే రక్తంలో సోడియం పల్చబడి అదో ప్రమాదం. గుండె జబ్బో, కిడ్నీ జబ్బో ఉన్నవాళ్ళు డాక్టరు చెప్పిన కొలతే పాటించాలి.

ఇప్పుడు ఏ ఫంక్షన్ హాలుకి వెళ్ళినా నేనే ముందు అడుగుతున్నాను, "బాత్రూమ్ ఎటండీ?" అని. నేను అడిగితే, అత్తయ్య మొహమాటం లేకుండా నా వెనకాలే వస్తారు.