నలుగురి చోట జిగురు

అమెరికాలో బడిపిల్లల సంచి ఏది తెరిచినా ఎద్దు బొమ్మ ఉన్న తెల్ల జిగురు సీసా బయటపడుతుంది. ఆ ఎద్దు పేరు ఎల్మర్. బోర్డెన్ అనే పాల కంపెనీ తన ప్రకటనల కోసం ఎల్సీ అనే ఆవుని పుట్టించింది. ఆవుకి మొగుడుండాలి కదా అని ఎల్మర్ వచ్చాడు. కంపెనీ జిగురు వ్యాపారంలో దిగాక, పెళ్ళాం పాలసీసాల మీద వెలుగుతుంటే ఖాళీగా ఉన్న ఆయన్ని జిగురు సీసా మీద కూర్చోబెట్టారు. సీసాలో పాలూ లేవు, డెక్కలు కాచిన రసమూ లేదు. ఉన్నది నీళ్ళలో కలిసే కృత్రిమమైన జిగురు. పిల్లలు చొక్కాలకి పూసుకొచ్చినా ఉతికితే పోవాలని 1968లో బడి జిగురుని విడిగా అమ్మకానికి పెట్టారు.

ఉతికితే పోతుందన్న ఆ ఒక్క మాటనే క్విల్టులు కుట్టేవాళ్ళు పట్టుకున్నారు.

క్విల్టు అంటే మూడు పొరలు. పైన ముక్కలు ముక్కలుగా అతికి కుట్టిన సోకైన బట్ట, మధ్యన దూది పొర, కింద అడుగుబట్ట. మూడింటినీ కలిపి కుట్టడమే అసలు పని. కానీ కుట్టేలోపు అవి జరగకుండా ఉండవు. మిషను పాదం కింద పై బట్ట ఒక దారిని పోతే అడుగుబట్ట ఇంకో దారిని పోతుంది. ఆఖర్న తిరగేసి చూస్తే వెనకవైపు ముడతలు. అందుకని ముందుగా పొరల్ని తాత్కాలికంగా బంధించాలి. దర్జీలు టాకాలు వేసినట్టు పొడుగు కుట్లు వేసుకోవచ్చు. బెత్తెడు దూరానికొకటి చొప్పున వంపు తిరిగిన పిన్నీసులు గుచ్చుకోవచ్చు. మంచం నిండా పరిచే క్విల్టుకి ఆ పిన్నీసులు వందల్లో పడతాయి. నేల మీద మోకాళ్ళ మీద పాకుతూ గుచ్చాలి, కుడుతూ ఒక్కొక్కటే తియ్యాలి. డబ్బాలోంచి చిమ్మే జిగురూ ఉంది గానీ, కిటికీలన్నీ తెరుచుకోవాలి, గచ్చంతా బంకవుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి వీటన్నిటికంటే ఎల్మరే దయగలవాడు.

పద్ధతి ఇదీ. అడుగుబట్టని తిరగవేసి బల్ల మీద పరిచి, అంచులు టేపుతో అతికించాలి. బట్ట బిగువుగా ఉండాలే తప్ప సాగకూడదు. సాగదీసి అతికిస్తే, టేపు తీసిన మరుక్షణం వెనక్కి ముడుచుకుని మొత్తం పొంగుతుంది. దూది పొర పరిచి, సగం వెనక్కి మడిచి, బయటపడిన అడుగుబట్ట మీద సన్నమూతి సీసాతో జిగురు గీతలు గీయాలి. దూదిని మళ్ళీ పైకి లాగి, నడిమి నుంచి అంచులకి అరచేత్తో సర్దాలి. తర్వాత నీళ్ళు పొయ్యని ఇస్త్రీ పెట్టె ఆనిస్తే క్షణాల్లో ఆరుతుంది. నూలు దూదికి మామూలు వేడి చాలు. పాలియెస్టరు దూదైతే వేడి బాగా తగ్గించాలి, లేకపోతే కరుగుతుంది. రెండో సగమూ అంతే, పై బట్టా అంతే. ఎక్కడైనా వంకర కనిపిస్తే మెల్లగా ఊడదీసి మళ్ళీ అతికించుకోవచ్చు. ఇన్ని తప్పుల్ని క్షమించే పని కుట్టుపనిలో ఇంకోటి లేదు.

ఒక్క షరతు ఉంది. గీత పోగంత సన్నగా ఉండాలి. కొత్త చేతికి అది కష్టం. ఊడిపోతుందేమోనన్న భయంతో ఇంకాస్త పిండాలనిపిస్తుంది. జిగురు మందంగా పడ్డచోట బట్ట అట్టలా బిగుస్తుంది. చేత్తో కుట్టేవాళ్ళకి అక్కడ సూది దిగదు. ఉతికితే పోయే రకమా కాదా అని సీసా మీద చదువుకుని, వాడబోయే బట్ట ముక్క మీద ఒకసారి అతికించి ఉతికి చూసుకుంటే గుండె కుదుటపడుతుంది. కుట్టడమంతా అయ్యాక నీళ్ళలో పడేస్తే జిగురు పని సరి.

ఇదంతా నేర్చుకుంటుంటే నాకో సందేహం వచ్చింది. మన ఊళ్ళలో బొంతలు కుట్టినవాళ్ళు ఏ జిగురు వాడారు? ఏ పిన్నీసులు గుచ్చారు? మెత్తబడిన నేతచీరలు నాలుగైదు ఒకదాని మీద ఒకటి పరిచి, నాలుగు వైపులా నలుగురు ఆడవాళ్ళు కూర్చునేవాళ్ళు. పొరలు జరగకుండా పట్టి ఉంచింది వాళ్ళ బరువే. ఒకరు కుడుతుంటే ఇంకొకరు మోకాలితో అంచు తొక్కి పట్టేవాళ్ళు. అమెరికాలోనూ పాతరోజుల్లో జరిగిందదే. నాలుగు కర్రల చట్రానికి పొరల్ని బిగించి, చుట్టూ ఇరుగుపొరుగు చేరి కుట్టేవాళ్ళు. అలబామాలోని గీస్ బెండ్ ఊళ్ళో నల్లజాతి స్త్రీలు పై బట్ట ఎవరికి వారే అతుక్కుని, చట్రం దగ్గర మాత్రం నలుగురూ కలిసేవాళ్ళు. 2002లో హ్యూస్టన్ మ్యూజియంలోనూ, ఆపైన న్యూయార్కు విట్నీలోనూ జనం ఎగబడి చూసిన క్విల్టులు వాళ్ళవే. చట్రమూ మనుషులూ ఉన్నచోట టాకాలతో పెద్దగా పనిలేదు. రెండు గదుల అపార్టుమెంటులో, ఒక్క మనిషి, ఒక చిన్న మిషను మీద కుట్టాల్సి వచ్చినప్పుడే వాటితో పని. ఎల్మరు చేస్తున్నది నలుగురు మనుషుల ఉద్యోగం.

క్విల్టు పెద్దల్లో కొందరికి జిగురంటే చిన్నచూపు. అడ్డదారి అంటారు. నాకలా అనిపించదు. పక్కన కూర్చోవడానికి మనిషి లేని చోట, ఆ మనిషి పని ఏదో ఒకటి చెయ్యాలిగా! కానీ జిగురు కబుర్లు చెప్పదు. కోడలి మీద చాడీలు వినదు. చేతిలో సూది ఆగిపోతే, "ఏమే, నిద్రొస్తోందా?" అని అడగదు.

అయితే ఒక సంగతి చట్రానికీ, నేల మీద పరిచిన బొంతకీ కూడా సాధ్యం కాదు. అతికించిన క్విల్టుని చాపలా చుట్టి చంకన పెట్టుకుని ఎక్కడికైనా పోవచ్చు. ఒక్క పిన్నీసూ గుచ్చుకోదు, ఒక్క పొరా జరగదు. మా ఊరి లైబ్రరీలో వారం వారం కుట్టుపని బృందం కూడుతుంది. మన తెలుగావిడ ఒకావిడ కూడా వస్తుంది, అరిసెలు తెస్తుంది. అందుకే అంటించడం ఇంట్లో ఒక్కదాన్నే కానిచ్చి, కుట్టడం అక్కడ పెట్టుకున్నాను. ఈ లెక్కన క్విల్టు ఆలస్యంగా పూర్తవుతుందని మా ఆయన అంటున్నాడు. కానీ, తొందరేముంది?