తాళంచెవి ఎవరి చేతిలో?

నాయకుడు అన్న మాటకు మూలం 'నీ' అనే సంస్కృత ధాతువు. తీసుకొనిపోవటం, చేర్చటం అని దాని అర్థం. నేత, నేత్రం, నయనం అన్నీ ఆ ధాతువు సంతానమే. దారి వెంట మనల్ని తీసుకుపోతుంది గనుక కన్ను నయనమయింది. ఆ లెక్కన, వెంట ఉన్నవారిని చేరవలసిన చోటికి చేర్చినవాడే నాయకుడు. పదవీ విరమణ చేసిన తెలుగు పండితుడికి వ్యుత్పత్తులతో కాలక్షేపం తప్ప మరేముంటుందని మీరు నవ్వుకోవచ్చు. కానీ ఈసారి ఈ మాట నన్ను చాలా దూరమే తీసుకుపోయింది, ఆఫ్రికా ఖండపు దక్షిణపు కొస దాకా.

కారణం నా పూర్వ విద్యార్థి ఒకడు. బోట్స్వానాలో గణితం బోధిస్తున్నాడు. పండుగలకు పబ్బాలకు ఫోను చేసి క్షేమసమాచారాలు అడుగుతుంటాడు. ఒకసారి మాటల్లో అక్కడి బళ్ళలో కంప్యూటర్ల సంగతి అడిగాను. "మాస్టారూ, యంత్రం పాడైతే ఎవరిని అడగాలో తెలిసిన బళ్ళో యంత్రాలు నడుస్తున్నాయండీ. తెలియని బళ్ళో వాటిమీద గుడ్డ కప్పి ఉంచారు. రెండు బళ్ళకూ ఇచ్చింది ఒకే రకం యంత్రాలే" అన్నాడు. ఆ గుడ్డ కప్పిన కంప్యూటర్లు నాకు కొత్త కాదు. ఆ సంగతి తర్వాత చెబుతాను. ఆ మాటతో మొదలైన కుతూహలం కొన్ని నెలలపాటు నన్ను ఆ ప్రాంతపు చదువుల చరిత్ర చదివించింది.

ముందు మనకు సంబంధించిన ముచ్చట ఒకటి. దక్షిణాఫ్రికా రాజ్యాంగం ఆరవ విభాగంలో, గౌరవించి పెంపొందించవలసిన భాషల వరుసలో మన భాష పేరు కూడా ఉంది. వారి వర్ణక్రమంలో అది 'తెలెగు' అయిందనుకోండి, అయినా మన తెలుగే. 1860 నుండి నాటాల్ చెరకు తోటలకు కూలీలుగా వెళ్ళిన మనవాళ్ళు మోసుకెళ్ళిన భాష అది. ఒక భాష రాజ్యాంగంలోకి ఎక్కటం ఒక ఎత్తు, తరగతి గదిలోకి దిగటం మరొక ఎత్తు. కంప్యూటరు విషయంలోనూ ఆ దేశం నేర్చుకొన్నది ఇంచుమించు ఇదే పాఠం.

2004లో దక్షిణాఫ్రికా ప్రభుత్వం ఎలక్ట్రానిక్ విద్యపై ఒక శ్వేతపత్రం వెలువరించింది. 2013 నాటికి ప్రతి విద్యార్థీ సమాచార సాంకేతికతను వాడగలిగి ఉండాలని అందులో లక్ష్యం. అంతకు ముందే, జోహానెస్‌బర్గ్ ఉన్న గౌటెంగ్ రాష్ట్రంలో 'గౌటెంగ్ ఆన్‌లైన్' అనే పథకం మొదలయింది. బడికొక గది, గదికి 25 కంప్యూటర్లు, ఇంటర్నెట్టు. సంకల్పం గొప్పదే. అయితే పెత్తనమంతా పైనుంచి, గుత్తేదారుల ద్వారా. కంప్యూటరు మొరాయిస్తే బడిలో ఎవరూ దాన్ని విప్పే వీలు లేదు, ఫిర్యాదు చేసి ఎదురు చూడాలి. తాళాలు పడిన గదుల గురించి, అందని ఇంటర్నెట్టు గురించి ఏళ్ళ తరబడి విమర్శలు వచ్చాయి. శ్వేతపత్రం గడువు పెట్టుకొన్న ఆ 2013లోనే పథకం ముగిసిపోయింది. ఏనుగును ఇచ్చి అంకుశం దగ్గర పేచీ పెట్టినట్లయింది.

తర్వాత అదే రాష్ట్రం 2015 జనవరిలో, టెంబిసాలోని ఒక ఉన్నత పాఠశాలలో, కాగితం లేని తరగతి గదులను ప్రారంభించింది. నల్లబల్ల స్థానంలో వేలితో తాకితే పలికే బల్ల, పుస్తకాల స్థానంలో టాబ్లెట్లు. దొంగలకు కబురు త్వరగానే అందింది. చోరీలు పెరగటంతో ఆ సంవత్సరమే టాబ్లెట్లను వెనక్కు తెప్పించి భద్రతా ఏర్పాట్లు చేయవలసి వచ్చింది. దీనిని ఎద్దేవా చేయటం తేలిక. కానీ సంపన్నుల బడికి ఉన్నది పేదల బడికీ దక్కాలన్న పట్టుదల దాని వెనుక ఉంది. వర్ణవివక్ష కాలంలో నల్లవారి పిల్లలకు వేరే చదువు, తక్కువ చదువు చెప్పాలని చట్టమే చేసిన దేశమది. అక్కడ ఒక తెర, ఒక తీగ కూడా న్యాయానికి సంబంధించిన ప్రశ్నలే అవుతాయి.

దీనికి భిన్నమైన దారి తొక్కినవారూ ఉన్నారు. కేప్‌టౌన్ ఉన్న పశ్చిమ కేప్ రాష్ట్రం 2001లో 'ఖన్యా' పథకం ప్రారంభించింది. షోసా భాషలో ఖన్యా అంటే ప్రకాశించటం. యంత్రాలతో పాటు ఉపాధ్యాయులకు శిక్షణ, బడికి వచ్చి చేయిపట్టి నడిపించే సహాయకులు అందులో భాగం. పక్కనున్న నమీబియాలో 2000లో స్కూల్‌నెట్ అనే స్వచ్ఛంద సంస్థ వెలిసింది. కరెంటు లేని బళ్ళకు సౌరఫలకాలు, టెలిఫోను తీగ లేని పల్లెలకు నిస్తంత్రీ సంధానం, లైసెన్సు రుసుము లేని లినక్స్, ఎవరో వాడి వదిలేస్తే బాగుచేసిన కంప్యూటర్లు. అన్నిటికంటే నన్ను ఆకట్టుకొన్నది, చదువు ముగించి ఉద్యోగం లేక ఖాళీగా ఉన్న యువకులకు పని నేర్పి, బళ్ళలో యంత్రాలు అమర్చటానికీ మరమ్మతు చేయటానికీ వారినే పంపటం. ఉపాధ్యాయుల బెరుకు పోగొట్టటానికి 'హాయ్ టీ' అనే బొమ్మల కథ కూడా వేశారు. 'వినండి' అని దాని అర్థమట. ఆ దశాబ్దం ముగిసేసరికి సంస్థ పని ఆగిపోయింది. అయినా పని నేర్చినవారు నేర్చినవారే కదా.

ఇప్పుడు మా బడి సంగతి. పేరెందుకు లెండి, ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. ఒక పథకం కింద 11 కంప్యూటర్లు వచ్చాయి. అప్పటి ప్రధానోపాధ్యాయులు నిజాయితీపరులు, సౌమ్యులు, కానీ భయస్థులు. ప్రతి మౌసూ స్టాకు రిజిస్టరులోకి ఎక్కింది. ఒకటి పోతే తనిఖీలో జవాబు చెప్పాలి, పదవీ విరమణ వేళ లెక్క తేలాలి. అందుకని గదికి తాళం వేసి, తాళంచెవి బీరువాలో పెట్టి, ఆ బీరువాకూ తాళం వేశారు. రెండేళ్ళపాటు మా పిల్లలు కిటికీ ఊచల్లోంచి కంప్యూటర్లను చూశారు, ఊరేగింపుకు రాని ఉత్సవ విగ్రహాలను చూసినట్లు.

తర్వాత బదిలీ మీద ఒక ప్రధానోపాధ్యాయిని వచ్చారు. ఆమెకు కంప్యూటరు గురించి మాకంటే ఎక్కువేమీ తెలియదు. చేరిన వారంలోనే తాళంచెవి తీసి తొమ్మిదో తరగతి పిల్లలిద్దరి చేతికిచ్చి, "పొద్దున తెరిచేది మీరే, సాయంత్రం మూసేది మీరే. ఏదైనా పోతే ముందు నన్ను అడుగుతారు, తర్వాత మిమ్మల్ని" అన్నారు. ఏ తరగతి ఎప్పుడు రావాలో గోడమీద పట్టిక వేశారు. మా గోడపత్రికను పిల్లలు తెలుగులో టైపు చేయటం మొదలుపెట్టింది అప్పుడే. 'క్ష' ఎట్లా వస్తుందో కనిపెట్టిన పిల్లవాడికి ఆ రోజు బడిలో దక్కిన గౌరవం నేను ముప్ఫై ఏళ్ళలో పొందలేదు. ఆ యేడు రెండు మౌసులు చెడిపోయాయి. ఆమె వాటిని రిజిస్టరులో 'వాడకం వలన పాడైనవి' అని రాసి సంతకం చేశారు. ఆ వాక్యం నాకిప్పటికీ ఒక బిరుదులా వినిపిస్తుంది.

దక్షిణాఫ్రికా చరిత్రలో ఇటువంటి ధైర్యానికి చాలా పెద్ద పేరొకటి ఉంది. మాథ్యూ గొనీవే గణితం, విజ్ఞానశాస్త్రం చెప్పిన బడిపంతులు. క్రాడక్ పట్టణంలో తాత్కాలిక ప్రధానోపాధ్యాయుడిగా ఉండగా, ఊరివారిని కూడగడుతున్నాడని ప్రభుత్వం ఆయనను బదిలీ చేసింది. ఆయన వెళ్ళనన్నాడు. పిల్లలు నెలల తరబడి బళ్ళు బహిష్కరించారు. 1985 జూన్‌లో ముగ్గురు సహచరులతో పాటు ఆయనను హత్య చేశారు. ఈనాడు జోహానెస్‌బర్గ్‌లో ప్రధానోపాధ్యాయులకు, పాఠశాల పాలక మండళ్ళకు శిక్షణ ఇచ్చే సంస్థ ఆయన పేరు మీదే నడుస్తోంది. 1996 పాఠశాలల చట్టం ప్రకారం ఆ మండళ్ళలో తల్లిదండ్రులదే ఆధిక్యం, ఉన్నత పాఠశాలల్లో విద్యార్థుల ప్రతినిధులూ ఉంటారు. అంటే తాళంచెవి ఒక్కరి బీరువాలో ఉండకూడదని చట్టమే చెప్పింది. అన్ని బళ్ళలోనూ అది ఆచరణలోకి వచ్చిందని నేననను. మన బళ్ళలో మాత్రం చట్టాలన్నీ ఆచరణలో ఉన్నాయా?

మనలో చాలామందికి ఆ ప్రాంతంతో తెలియకుండానే ఒక చుట్టరికం ఉంది. 2004లో ఒక దక్షిణాఫ్రికా యువకుడు, మార్క్ షటిల్‌వర్త్, 'ఉబుంటు' అనే స్వేచ్ఛా నిర్వహణ వ్యవస్థను విడుదల చేయించాడు. అడిగినవారికి పైసా తీసుకోకుండా సీడీలు తపాలాలో పంపేవారు. నాకూ ఒకటి వచ్చింది. మనిషికి మనిషితనం తోటి మనుషుల వలననే అబ్బుతుందని న్గూనీ భాషల వారి సామెత. ఆ భావానికి పేరే ఉబుంటు. అంతకు మూడేళ్ళ ముందే ఆ దేశంలో ట్రాన్స్‌లేట్ అనే సంస్థ, అప్పటి 11 అధికార భాషల్లోకీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును తేవటానికి పూనుకొన్నది. వారు తయారుచేసిన 'పూటిల్' అనే పనిముట్టు మీదనే లిబ్రెఆఫీస్ తెలుగు అనువాదం ఏళ్ళ తరబడి సాగింది. జూలూ కోసం, వెండా కోసం చెక్కిన ఉలి తెలుగుకూ పనికివచ్చిందన్నమాట.

భాష సంగతి ఎందుకు ఎత్తానంటే, అసలు గాయం అక్కడే ఉంది. 2021లో జరిగిన అంతర్జాతీయ పఠన పరీక్షలో దక్షిణాఫ్రికా నాలుగో తరగతి పిల్లల్లో 81 శాతం మంది చదివినదాని అర్థం గ్రహించలేకపోయారు. 2016లో అది 78 శాతం. కరోనా కాలంలో బళ్ళు మూతపడటం కొంత కారణం కావచ్చు, కానీ రోగం పాతదే. అక్షరాలు కూడబలుక్కొని అర్థం దగ్గర ఆగిపోయిన పిల్లల్ని ఆరో తరగతిలో నేనూ చూశాను. ఆ కళ్ళలోని బెదురు తెలిసినవాడికి 81 అన్నది కేవలం అంకె కాదు. అటువంటి పిల్లవాడి చేతికి టాబ్లెట్ ఇస్తే అది అద్దం ముక్కతో సమానం.

అయితే ఆ అద్దంలోనే అక్షరం చూపించవచ్చునని మలావీ నుండి ఒక కబురు. అక్కడ చిన్నపిల్లలకు చిచేవా భాషలోనే, వారి మాతృభాషలోనే, చదవటం, లెక్కలు నేర్పే టాబ్లెట్లను 2013 నుండి లిలోంగ్వేలో ప్రయోగించి చూశారు. ఇంటర్నెట్టు అక్కరలేదు, సౌరశక్తితో ఛార్జి చేసుకోవచ్చు. దానిని రూపొందించిన వన్‌బిలియన్ సంస్థ 2019లో ఒక అంతర్జాతీయ పోటీలో సంయుక్త విజేత అయింది. దానిని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో నాలుగో తరగతి దాకా విస్తరించే పనిని ఆ దేశ ప్రభుత్వం చేపట్టింది. ప్రపంచంలో అతి పేద దేశాల్లో ఒకటి మలావీ. యంత్రంలోకి ముందు తల్లి భాషను ఎక్కించాలన్న వివేకానికి పేదరికం అడ్డు రాలేదు.

ఇక్కడ కూడా ఆ పెట్టెను ఉదయం తెరిచి, పిల్లల్ని వరుసలో కూర్చోబెట్టి, సాయంత్రం లెక్కపెట్టి లోపల పెట్టే ఒక మనిషి కావాలి. ఆ మనిషికి నష్టభయం కంటే పిల్లల మీద నమ్మకం ఒక పాలు ఎక్కువ ఉండాలి. మంత్రులు ప్రారంభోత్సవాలు చేస్తారు, సంస్థలు పరికరాలిస్తాయి. చేర్చవలసిన చోటికి చేర్చేది మాత్రం బడిలో ఉన్నవారే.

మీలో ఉపాధ్యాయులున్నారు, ఇంజనీర్లున్నారు, పరదేశాల్లో ఉన్నవారున్నారు. మీరు చదివిన బడికి కంప్యూటర్లు బహూకరించే ఆలోచన మీలో కొందరికైనా ఉంటుంది. మంచిది, ఇవ్వండి. ఇచ్చేముందు ఆ బడికొకసారి వెళ్ళి, మరమ్మతు ఎవరు చేస్తారో, పిల్లలు అందులో ఏ భాషలో చదువుతారో, గది తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో అడగండి. మూడో ప్రశ్నకు జవాబు చెప్పటానికి ఒక పిల్లవాడు ముందుకు వస్తే, ఇక ఆలోచించనవసరం లేదు.

స్వస్తి.