వాగు నీళ్లు, పరాయి ఫిరంగులు

జంషెడ్‌పూర్‌లో సాక్చీ బజారు రద్దీ దాటి కాసిడీహ్ వైపు మళ్లితే ఓ టీ కొట్టు దగ్గర తెలుగు చెవినపడింది. ఇద్దరు రిటైర్డు కార్మికులు. ఉక్కు కర్మాగారంలో పని కోసం వాళ్ల తాతలు ఉత్తరాంధ్ర నుంచి వచ్చారు. ఒకరిది బొబ్బిలి వైపు, మరొకరిది విజయనగరం వైపు.

"మీ రాజు ఫ్రెంచోళ్లని తేకపోతే మా కోట కాలేదేటి బావా?"

"మీవోళ్లు మా వాగుల నీళ్లు మళ్లించలేదేటి?"

1757 జనవరి 24న జరిగిన యుద్ధం ఇక్కడ ఇంకా ముగియలేదన్నమాట!

నీళ్ల మాట వట్టిది కాదు. పక్కపక్క సంస్థానాల మధ్య వాగుల మళ్లింపు, సరిహద్దు దోపిడీల తగాదాలను 18వ శతాబ్దపు ఆంగ్ల చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ కూడా రాశాడు. కానీ కోట బూడిదయ్యింది వాగు వల్లేనా?

ఇదే ప్రశ్న గ్రీకు చరిత్రకారుడు థుసిడిడీస్ కూడా వేసుకున్నాడు. ఏథెన్స్, స్పార్టాల మధ్య క్రీ.పూ. 431లో మొదలైన యుద్ధానికి కోర్సైరా, పొటిడియా పట్టణాల తగాదాలు పైకి కనిపించే కారణాలు. ఏథెన్స్ బలం పెరగడం, అది స్పార్టాలో రేపిన భయం అసలు కారణమని ఆయన తేల్చాడు. విజయనగరానికీ అంతే. పూసపాటి విజయరామరాజుకు పక్కనే తలవంచని బొబ్బిలి కంట్లో నలుసు. ఫ్రెంచి సేనాని బుస్సీ రాకతో అవకాశం దొరికింది.

స్పార్టా కూడా పాత శత్రువు పర్షియా సొమ్ముతోనే నౌకాదళం కట్టి క్రీ.పూ. 404లో గెలిచింది. రెండు దశాబ్దాలు తిరక్కుండానే గ్రీకులకు సంధి షరతులు విధించింది పర్షియా చక్రవర్తి.

బొబ్బిలి కోట కూలిన కొద్ది రోజులకే తాండ్ర పాపారాయుడి చేతిలో విజయరామరాజు హతుడయ్యాడు. వారసుడు ఆనంద గజపతి ఫ్రెంచివారిపై ఇంగ్లిష్‌వారిని పిలిచాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివారు ఓడారు. 1794 జులై 10న పద్మనాభంలో విజయనగరం రాజును బలిగొన్నది ఆ పిలిచి తెచ్చుకున్న కంపెనీ సైన్యమే.

ఈ మాట చెబితే టీ కొట్టు దగ్గర కాసేపు నిశ్శబ్దం. తర్వాత బొబ్బిలి బావే టీ డబ్బులు తీశాడు. విజయనగరం బావ ఒప్పుకోలేదు. మళ్లీ తగాదా! ఈసారి మధ్యవర్తిని పిలవలేదు.