ఒకే కాపీ

ఈమధ్య పెళ్ళిభోజనాల దగ్గర నాకు పులిహోర సయించడం లేదు. అందులో వంటవాళ్ళ తప్పేమీ లేదు. విస్తరి ముందు కూర్చోగానే పక్క కుర్చీలోంచి ఎవరో ఒకరు నా వైపు వంగి, "మీ మనవరాల్ని బడికి పంపడం లేదటగా?" అంటారు. అవునంటాను. "మరి ఫ్రెండ్సో?" అంటారు. పిల్లకి లెక్కలెవరు చెబుతున్నారు, పొద్దున్నే ఎన్నింటికి లేస్తోంది, అవేవీ అక్కర్లేదు. ఫ్రెండ్సే కావాలి. మా తరంవాళ్ళు ఈ మాట అనడం మరీ విడ్డూరం. మాట్లాడితే చేతిమీద స్కేలు దెబ్బ పడ్డ క్లాసుల్లో చదువుకున్నవాళ్ళం. స్నేహానికి మిగిలిందల్లా ఇంటర్‌బెల్లు, అదీ సగం నీళ్ళ పంపు దగ్గర వరసలోనే అయిపోయేది.

ఇంకొందరు చట్టం దాకా వెళతారు. 2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకి ఉచిత నిర్బంధ విద్య అంది గానీ, ఇంట్లో చదువుకునేవాళ్ళ ఊసు అందులో లేదు. పద్నాలుగు నిండితే సార్వత్రిక విద్యాసంస్థ ఎన్‌ఐఓఎస్‌లో పదో తరగతికి కట్టుకోవచ్చు. ఈ రెండు ముక్కలూ మా అమ్మాయి నాకు బట్టీ పట్టించింది. అప్పడం విరుచుకుంటూ అప్పజెబుతాను.

కానీ పిల్ల సంగతి వేరు. సాయంత్రం బాల్కనీలో నిలబడి, బడి బస్సు దిగి సందు మలుపు దాకా తోసుకుంటూ పోయే పిల్లల్ని చూస్తుంటే నాకే ఏదోలా ఉండేది. మా సైనిక్‌పురిలో, అటు కాప్రాలో, మల్కాజ్‌గిరిలో ఇలా ఇంట్లో చదువుకునే ఆడపిల్లలు ఇంకొందరున్నారని మా అమ్మాయి కనిపెట్టింది. శనివారం సాయంత్రాలు మా ఇంట్లో చేరి పుస్తకాలు చదువుకుంటారని ఏర్పాటు చేసి, దానికి బుక్ క్లబ్ అని పేరు పెట్టి, బాధ్యత నా నెత్తిన పెట్టింది. పుస్తకాలు నీ దగ్గరున్నాయి, పనేమో లేదు కదమ్మా అంది. రెండోది అబద్ధం.

క్లబ్బంటే పిల్లలతో వేగాలనుకున్నాను. పిల్లలు నయం. వాళ్ళ తల్లులు బడి వద్దని పిల్లల్ని మాన్పించారు సరే, బడిని మాత్రం సంచీలో వేసుకుని మా ఇంటికి తెచ్చారు. "వర్క్‌షీట్ ఇస్తారా ఆంటీ?" "కొత్త పదాలు రాయించండాంటీ." "చివర్లో ఓ చిన్న క్విజ్ పెడితే బాగుంటుందేమో." ఒకావిడైతే పుస్తకంలో నీతి ఏమిటని అడిగింది. మొదటి పుస్తకం 'రైలుబడి'. జపాన్‌లో టెట్సుకో కురొయనాగి రాసిన తొత్తోచాన్ కథ, 1981లో అక్కడ పుస్తకంగా వచ్చింది. పాత రైలు పెట్టెల్లో పాఠాలు జరిగే టొమోయె బడి, పిల్ల ఎంతసేపు మాట్లాడినా వినే హెడ్‌మాస్టరు కొబయాషి గారు. చదివి మా పిల్లలు తేల్చిన నీతి: "అలాంటి బడైతే మేమూ వెళతాం." తల్లులకి అది రుచించలేదు.

అసలు గొడవ కాపీల దగ్గర వచ్చింది. నా దగ్గర ఉన్నది ఒకటే ప్రతి. తలా ఒకటి ఉండాలి కదా అని ఎవరో అన్నారో లేదో రెండో రోజుకల్లా కొరియర్‌లో కట్ట దిగింది. ఆ కట్టని అలాగే అటకెక్కించాను. ఇంకా అక్కడే ఉంది. నాకున్న పిచ్చి ఇదొక్కటే అనుకోండి, ఇక్కడ మాత్రం ఎవరి మాటా వినను. ఎవరి పుస్తకం వాళ్ళకుంటే, ఎవరి మూల వాళ్ళు చదువుకుని, శనివారం వచ్చి కుర్చీల్లో మర్యాదగా కూర్చుని అభిప్రాయాలు చెబుతారు. అభిప్రాయాల వల్ల స్నేహం కుదిరినవాళ్ళని నేను చూడలేదు, చెడినవాళ్ళని చాలామందిని చూశాను. పుస్తకం ఒకటే అయితే అడగాలి, ఎదురు చూడాలి, "ఇంకా ఎన్ని పేజీలున్నాయే?" అని ఫోను చెయ్యాలి, మంగళవారానికి ఇస్తానని గురువారం దాకా ఇవ్వనిదానితో పోట్లాడాలి. రానుపోను సందు తెరుచుకునేది అక్కడే.

రెండో పుస్తకం సోమరాజు సుశీల గారి 'ఇల్లేరమ్మ కథలు'. వంతు కాప్రా పిల్లది. మల్కాజ్‌గిరి పిల్లకి ఆగే ఓపిక లేక వాళ్ళ నాన్న స్కూటరు మీద మా ఇంటికొచ్చి, కాప్రా పిల్లనీ ఇక్కడికే పిలిపించుకుంది. ఇద్దరూ మా మెట్లమీద కూర్చున్నారు, పుస్తకం ఒకరి కుడి మోకాలి మీదా ఇంకొకరి ఎడమ మోకాలి మీదా పరిచి. కాప్రా పిల్ల గడగడా చదివేస్తుంది. రెండోదానికి ఇంగ్లీషు వచ్చినంతగా తెలుగు రాదు, ఒత్తు కనబడితే ఆగుతుంది. మొదటిది పేజీ అయిపోగానే కాగితం చివర వేలితో లేపి పట్టుకుని, వాలిపోకుండా బొటనవేలు అడ్డంపెట్టి, దిక్కులు చూస్తూ ఆగింది. రెండోది తల ఎత్తకుండా "ఊఁ" అంది. పేజీ తిరిగింది. మళ్ళీ ఆగింది. మళ్ళీ "ఊఁ". నేను బట్టలు ఆరేసుకుని కిందికి దిగేదాకా ఇదే వరస. పేర్లు తప్ప ఒకరి సంగతి ఒకరు ఇంకా అడగనే లేదు.

ఈ ఇంటి చదువులూ క్లబ్బులూ కొత్తగా అమెరికా నుంచి దిగాయనుకునేవాళ్ళకి ఒక మాట. కథారచయిత్రి భండారు అచ్చమాంబ పుట్టింది 1874లో. బడి ముఖం చూడలేదు, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని నేర్చుకుంది. చదువొచ్చాక ఊరుకుందా? 1902లో బందరులో స్నేహితురాలు ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి బృందావన స్త్రీ సమాజం పెట్టింది. ఆ ఏడే 'ధనత్రయోదశి' కథా రాసింది. ఇంట్లో చదువుకున్న ఆడపిల్లకి నలుగుర్ని పోగుచెయ్యాలనే బుద్ధి పుట్టడం ఇవాళ్టిది కాదు.

అంత దూరం ఎందుకు, మా అక్క ఉంది. పెద్దమనిషి కాగానే బడి మాన్పించారు. మా వీధిలో అలాంటి అక్కలు ఇంటికొకరు. ఇంట్లోనే కూర్చుని హిందీ ప్రచారసభ పరీక్షలకి కట్టేవాళ్ళు, రాష్ట్రభాష, ప్రవేశిక, విశారద అని ఒక్కొక్కటే. గడప దాటడానికి వాళ్ళకున్న అనుమతి పత్రం ఆంధ్రప్రభ వారపత్రిక. మాలతీ చందూర్ ప్రమదావనం శీర్షిక మొదట ఎవరు చదవాలనే దగ్గర తగువు, సీరియల్ దగ్గర మహాయుద్ధం. పత్రిక ఒకరింట్లో కొంటే మిగతా ఇళ్ళన్నీ తిరిగి చివరికి మా అక్క దగ్గరకే చేరేది, ఎందుకంటే పిన్నులు ఊడదీసి సీరియల్ పేజీలు విడిగా తీసి, వరసపెట్టి కుట్టే ఓపిక ఆవిడకే ఉంది. దబ్బనం, తెల్లదారం, మైదా ఉడికించిన జిగురు, పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలుతుత్తం. అట్టకి పెళ్ళి శుభలేఖలు రెండు అతికించి పైన నీలం కాలికో గుడ్డ. ఆ జిగురు వాసన ఇప్పటికీ ఏ పాత పుస్తకం తెరిచినా వెతుక్కుంటాను.

సీరియల్ పేజీల వెనకవైపు ఇంకో కథ సగం ఉండేది. మొదలుంటే ముగింపుండదు, ముగింపుంటే మొదలుండదు. మా అక్కా, ఎదురింటి అక్కా మధ్యాహ్నాలు అరుగుమీద కూర్చుని ఆ అరకొర కథలకి తల్లో తోకో తగిలించేవాళ్ళు. కథలో ఆవిడ రైలెక్కిందంటే బెజవాడలో దిగిందా, మద్రాసు దాకా వెళ్ళిందా అని రెండేసి రోజులు మాటలుండేవి కావు. అసలు సీరియల్‌కంటే నాకు అవే ఇష్టం.

అలా కుట్టినవాటిలో రంగనాయకమ్మ 'బలిపీఠం' బైండు అక్కకి ప్రాణం. పక్కవాటాలో ఉండే పిన్నిగారు, ఆవిడ పేరు చెప్పను, రెండు రోజుల్లో ఇస్తానని పట్టుకెళ్ళారు. మూడో రోజు అడిగితే ఆడపడుచు చదువుతోందన్నారు. తరవాత వాళ్ళాయనకి బదిలీ అయింది. సామాన్లు లారీకెక్కుతుంటే అక్క గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉంది, అడగలేకపోయింది. ఎన్నో ఏళ్ళకి ఆవిడ కొడుకు గృహప్రవేశానికి పిలిస్తే ఇద్దరం వెళ్ళాం. హాల్లో అద్దాల బీరువా, అందులో రెండో అరలో నీలం కాలికో, వెన్నుమీద మా అక్క గుండ్రటి అక్షరాలు. "మా అత్తగారు స్వయంగా కుట్టుకున్నారండీ" అంది కొత్తకోడలు ముచ్చటపడుతూ. బీరువాకి తాళం. అక్క నా మోచెయ్యి గిల్లింది. నోరు తెరవబోయాను, ఇంతలో వ్రతకథ మొదలుపెడుతున్నాం, అందరూ వచ్చి కూర్చోండని పిలిచారు.