ఇరవై నాలుగు గంటల తరువాత

ప్రోగ్రాము వ్రాయడమే విద్య, దానికి వివరణ వ్రాయడం గుమాస్తా పని అని మేము భావించేవారము. ఆ భ్రమ ఇటీవలే తొలగింది.

ఒక నగర ప్రజల ఒకనాటి రాకపోకలను కంప్యూటరులో అనుకరించే ‘మాట్‌సిమ్’ అనే సాధనం బెర్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలోను, జ్యూరిక్ నగరపు ఇ.టి.హెచ్. విద్యాసంస్థలోను పెంపొందింది. దాని ఫలితాలను విశ్లేషించి, రేఖాచిత్రాలుగా గీయడానికి మేము ‘ఆర్’ భాషలో ఒక ప్యాకేజీ సిద్ధం చేశాము. బెర్లిన్ నగరపు 1 శాతం నమూనాతో, ఏ గంటలో ఎందరు బయలుదేరారో చూపే చిత్రం ముచ్చటగా వచ్చింది.

ప్యాకేజీలోని ప్రతి ఫంక్షనుకు ఒక సహాయపుట ఉండాలి. అందులో ‘బయలుదేరే సమయం’ అని వ్రాసి, దాని అర్థం చెప్పబోయి ఆగిపోయాము. మాట్‌సిమ్ కాలాన్ని అర్ధరాత్రి నుండి సెకండ్లలో లెక్కిస్తుంది. అర్ధరాత్రి దాటినా లెక్క ఆగదు. తెల్లవారుజామున 1.30కి పని ముగించి ఇంటికి బయలుదేరేవాని సమయం అందులో 25.30. మా చిత్రమో 24 వద్దనే ఆగింది! రాత్రి పనివారు అందులో ఇళ్లకు బయలుదేరనే లేదు. ఆ నమూనాలో ఒక్కరు నూరుగురికి ప్రతినిధి.

చిత్రాన్ని సరిదిద్దాము, ఆ నియమాన్ని సహాయపుటలో మొదటి వాక్యంగా వ్రాశాము. మిత్రులారా, ఇతరులకు తెలియజెప్పబోయినప్పుడే మనకు తెలియనిది బయటపడుతుంది.