కూర్మం మింగిన గరళం

శ్రీకూర్మంలో కూర్మనాథుని దర్శించుకొని, ఆ సాయంకాలం సముద్రతీరానికి వెళ్ళాను. ఇసుకలో ఒక ఆలివ్ రిడ్లీ తాబేలు చనిపోయి ఉంది. డొప్ప మీద ఒక్క గాయమైనా లేదు.

"వలలో ఊపిరాడక సచ్చిపోనాది బాబూ" అన్నాడొక ముసలి మత్స్యకారుడు.

కావచ్చు. సముద్రంలో బ్రతికినా తాబేలు పీల్చేది గాలినే. ట్రాలు వలలో చిక్కితే పైకి రాలేక నీటిలోనే ప్రాణం విడుస్తుంది. 2025 జనవరిలో చెన్నై తీరానికి వందలాది కళేబరాలు కొట్టుకొనివచ్చినపుడు వినిపించిన కారణమూ అదే.

కాని కారణాలు మరికొన్ని ఉన్నాయి. జెల్లీచేపగా భ్రమించి మింగిన ప్లాస్టిక్ సంచి పేగులకు అడ్డుపడవచ్చు. తాబేలు గొంతులో ముళ్ళన్నీ లోపలికే వాలి ఉంటాయి. మింగినది వెనుకకు రావడం కష్టం. హెర్పిస్ జాతి వైరస్‌తో ముడిపడిన కణుతులు పచ్చ తాబేళ్ళ కళ్ళనే కప్పివేస్తాయి. కలుషితమైన తీరజలాలు ఆ వ్యాధికి దోహదం చేస్తాయని శాస్త్రజ్ఞుల అనుమానం. కడుపు కోసి పరీక్షించనిదే ఏది నిజమో తెలియదు.

క్షీరసాగరంలో పుట్టిన గరళాన్ని శివుడు కంఠంలోనే నిలుపుకొన్నాడు. మనం పుట్టించిన గరళాన్ని ఈ మూగజీవి కంఠం ఆపలేదు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దాని ప్రాణానికి రక్షణ ఇచ్చింది. మరణానికి మాత్రం ఆనాడు సాక్ష్యం మిగలలేదు. గుడిలో మొక్కిన చేతులతోనే ఇసుక కప్పాను. ఎందుకు చనిపోయిందో ఎవరూ వ్రాసుకోలేదు. వ్రాయమని నేనూ అడగలేదు.